మూలమా? లోపమా?

తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు పైకి వెళ్ళి ఆగుతాము. పొలానికి ఆ సౌలభ్యం లేదు. చాగలమర్రిలోని మా చేను హక్కు తేల్చుకొనడానికి ఇటీవల నేనా మెట్లన్నీ ఎక్కవలసి వచ్చింది.

దస్తావేజులో సాధారణంగా అంతకు మునుపటి దస్తావేజు నంబరుంటుంది. దానిని తీస్తే అందులో మరొకటి. దొరికిన ప్రతి జవాబునూ తిరిగి అదే ప్రశ్న అడగడమే కంప్యూటరువారు చెప్పే రికర్షన్. ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలో చేరిన ‘విత్ రికర్సివ్’ చేసే పని ఇదే. వెనుకటి నంబరు లేనిచోట అది ఆగిపోతుంది.

చిక్కంతా అక్కడే. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ ఈసీ 1983 నుండే దొరుకుతుంది. నేను అంతకు ముందుకు వెళ్ళి, రిజిస్టరు కాని ఒక పంపకాల కాగితం దగ్గర ఆగాను. చెదలు పట్టిందని దానిని పారవేసినది మేమే. యంత్రానికి అది తెలియదు. ఖాళీ కనబడితే అదే మూలమనుకొంటుంది.

వ్యాకరణంలో పోయిన అక్షరానికి కూడా ‘లోపం’ అని పేరు పెట్టి లెక్కలో ఉంచుకొంటాము. భూమి పట్టికలోనూ ‘ఇదే మూలం’ వేరు, ‘దొరకలేదు’ వేరు అని వ్రాయాలన్నది నా అభిప్రాయం. తెగిన గొలుసును పూర్తి గొలుసని నమ్మి కొన్నవాడే రేపు కోర్టు మెట్లెక్కుతాడు.

మిత్రులారా, ఇంట్లో పాత కాగితాలుంటే పారవేయకండి.