కొండకూ ఓర్పు ఉంటుంది

వేసవి రాగానే రాజధాని వాసుల చూపు హిమాలయాల వైపు మళ్లుతుంది. ప్రకృతి సౌందర్యాన్ని తిలకించాలనుకోవడం తప్పు కాదు. ఆ తాకిడిని కొండ ఎంతవరకు భరించగలదన్నదే ప్రశ్న. 2018 వేసవిలో సిమ్లా నగరం తాగునీటికి అలమటించింది. రోహ్‌తాంగ్ కనుమకు రోజుకు 1,000 వాహనాలకు మించి పోరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్ష విధించవలసివచ్చింది.

1974లో విదేశీ యాత్రికులకు తలుపులు తెరిచిన భూటాన్, ధరతోనే రద్దీకి కళ్లెం వేసింది. 2022 నుంచి భారతీయులకూ రోజుకు 1,200 రూపాయల రుసుము నిర్ణయించింది. మనమూ అదే దారి పట్టాలా? అప్పుడు మంచుకొండల అందం కలవారి సొత్తవుతుంది. రుసుముకన్న సంఖ్యా పరిమితే మనకు న్యాయం: ముందు నమోదు చేసుకున్నవారికి ముందు అనుమతి. వంతుకోసం వేచివుండడం కష్టమేమీ కాదు. కొండ కుంగిన తరువాత వేచివుండడానికి ఏమీ మిగలదు.