పగలు ఎండ, రాత్రి మోటారు

తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,

చార్జీల మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడల్లా చర్చ ఒక అంకె దగ్గర చిక్కుకుంటుంది: వ్యవసాయానికి పోయిన కరెంటెంత? రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 25 లక్షల పైమాటే. వాటిలో దాదాపు వేటికీ మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతావాటికి అంచనా కడతారు. వేల కోట్ల సబ్సిడీ ఆ అంచనా మీదే నడుస్తుంది.

ఇక బోరు దగ్గరికి వెళ్దాం. కర్రకు బిగించిన రేకు డబ్బా, అందులో స్టార్టరు, దానికి తగిలించిన ఆటో స్టార్టరు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది. ఒకప్పుడు త్రీఫేజు అర్ధరాత్రి వచ్చేది. టార్చి పట్టుకుని, పాములను తప్పించుకుంటూ గట్టు మీద నడవలేక రైతు చేసుకున్న ఏర్పాటది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. ‘ఇవాళ ఉంది, రేపుంటుందా?’ అనే గుబులు మాత్రం అంత తేలిగ్గా పోయేది కాదు. తప్పు రైతు మీదికి నెట్టే ముందు, ఆ గుబులు ఎవరు నేర్పారో మండలి గుర్తు చేసుకోవాలి.

ఆటో స్టార్టర్ల వల్ల అయిదు హెచ్‌పీ మోటార్లు లక్ష ఒక్కసారిగా అందుకుంటే 370 మెగావాట్లకు పైగా భారం. వోల్టేజీ పడిపోతుంది, వైండింగు కాలుతుంది, ఆనక ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. మోటారుకో కెపాసిటరు ఉంటే లైను మీద కొంత బరువు తగ్గుతుంది. అది ఖరీదైన వస్తువేమీ కాదు.

రాత్రి ఇలా నీళ్లు తోడే కరెంటు చాలావరకు బొగ్గుదే. రామగుండంలోనే చూడొచ్చు: ఎన్టీపీసీ పొగగొట్టాల పక్కన, అదే ప్లాంటు జలాశయం మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. మధ్యాహ్నం వాటి చేతినిండా పని. పొద్దుగూకితే ఖాళీ. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున నీళ్లను వెనక్కి తోడే యంత్రాలున్నాయి. పగటి మిగులును అలా దాచుకోవచ్చు. కానీ అంతకంటే చౌక దారి ఒకటుంది. సాగునీటిని పగలే తోడితే దాచాల్సిన పనే తగ్గుతుంది.

మీటరు మాటెత్తితే ఊళ్లు ఎందుకు ఉలిక్కిపడతాయో తెలియంది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై నిరసనకు వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కాబట్టి బోరు జోలికి పోకుండా సబ్‌స్టేషను నుంచే మొదలుపెట్టండి. వ్యవసాయ లైన్లను (ఫీడర్లను) విడదీయమనండి. పగటి త్రీఫేజుకు వేళలు ప్రకటించి, వాటిని తప్పితే పంపిణీ సంస్థను (డిస్కంను) నిలదీయండి. కెపాసిటర్ల ఖర్చు డిస్కంల ఖాతాలోనే వేయించండి.

వచ్చే విచారణలో ఒక్క ఫీడరు రీడింగు, గంట గంటకూ, తెలుగులో అచ్చేసి హాల్లో పంచండి. పగలు పదకొండింటికి ఎంత, రాత్రి రెండింటికి ఎంత. అది చేతిలో పెట్టుకుని రైతులూ అధికారులూ మాట్లాడుకుంటారు.

ఇట్లు,
ఒక వినియోగదారు