పదమూడా.. పద్దెనిమిదా? వయసు గడి వద్ద తికమక

కీసర: ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం, కీసర చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలు.. నగరానికి తూర్పున ఉన్న ఈ ప్రాంతంలో కంప్యూటర్ చదువులపై మోజు సహజం. పదో తరగతి దాటకముందే పిల్లలు కోడింగ్, కృత్రిమ మేధ ఉపకరణాల వైపు చూస్తున్నారు. గుమ్మంలోనే వారికి ఓ ప్రశ్న ఎదురవుతుంది: మీరు ఏ సంవత్సరంలో పుట్టారు? ఆ గడిలో రెండు మూడేళ్లు వెనక్కి జరిపితే తలుపు తెరుచుకుంటుంది. ఈ కిటుకు తెలియని హైస్కూలు విద్యార్థి అరుదు. తెలియనిదల్లా ఆ అబద్ధం వల్ల తామేం కోల్పోతున్నామన్నదే.

అసలు ఎన్నేళ్లు ఉండాలన్న దానిపైనే ఏకాభిప్రాయం లేదు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు, ప్రోగ్రాములు రాసేవారు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కు 13 ఏళ్లు చాలు. ఛాట్‌జీపీటీకీ కనీస వయసు 13 ఏళ్లే అయినా, 18 నిండనివారు తల్లిదండ్రుల అనుమతితోనే వాడాలి. అదే కోవకు చెందిన క్లాడ్‌ను 18 నిండితే తప్ప వాడకూడదు. అంటే ఇంటర్ చదివే విద్యార్థి ఒకే లెక్కను ఒక ఉపకరణాన్ని అడగవచ్చు, మరో దాన్ని అడగరాదు. ఇదంతా ఆంగ్లంలో పేజీల కొద్దీ సాగే వినియోగ నిబంధనల్లో ఉంటుంది. వాటిని చివరి వరకు చదివి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేవారు పెద్దల్లోనే కనిపించరు.

అమెరికా లెక్క మనకెందుకు?

పదమూడు అన్న అంకె మన గడ్డపై పుట్టింది కాదు. ఇంటర్నెట్‌లో పిల్లల సమాచారాన్ని కాపాడేందుకు అమెరికా 1998లో చేసిన చట్టం 2000లో అమల్లోకి వచ్చింది. 13 ఏళ్లలోపు వారి వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పదని అది ఆదేశించింది. ఆ తలనొప్పి వద్దనుకున్న కంపెనీలు 13 ఏళ్లలోపు వారికి ప్రవేశమే లేదని రాసుకున్నాయి. ఆ వాక్యమే సముద్రాలు దాటి నాచారం, ఉప్పల్ పిల్లల సెల్‌ఫోన్లలోకి చేరింది.

మన చట్టం దారి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందానికి అర్హుడు కాడు. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. ఆ లెక్కన పదిహేనేళ్ల పిల్లవాడు నొక్కే 'అంగీకరిస్తున్నాను'కు మన న్యాయస్థానంలో విలువ ఉండదు. అలాగని మన దేశంలో పిల్లలకు అన్నీ పద్దెనిమిదికే అనుకుంటే పొరపాటు. పదేళ్లు నిండిన మైనర్లు పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకొనేలా బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. పదహారేళ్లకు 50 సీసీలోపు బండి నడిపే లైసెన్సు దొరుకుతుంది. సొంత పేరున సిమ్‌కార్డు కావాలంటే మాత్రం పద్దెనిమిది దాటాల్సిందే.

చిక్కుముడి అంతా ఈ సిమ్‌కార్డు దగ్గరే ఉంది. ఫోన్ తండ్రిది, నంబరు తండ్రి పేరున. పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికుడి ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే, పగలు అది ఆయన జేబులో, రాత్రి కొడుకు చేతిలో. కంపెనీ కంటికి ఆ ఖాతాదారు నలభై ఏళ్ల పెద్దమనిషి!

కొత్త చట్టం.. పాత లొసుగు

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే గుర్తించింది. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన అనుమతి పొందాలి. పిల్లల కదలికలను వెంటాడటం, వారిని గురిచూసి ప్రకటనలు వేయడం నిషిద్ధం. ఈ బాధ్యతలను ఉల్లంఘిస్తే రూ.200 కోట్ల వరకు జరిమానా పడుతుంది. నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించి, ముఖ్యమైన వాటి అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ లెక్కన 2027 మే నెలలో ఇవి పూర్తిగా అమల్లోకి రావాలి.

అనుమతి ఇస్తున్నది పెద్దలేనని నిర్ధారించుకునేందుకు మార్గాలు చూపారు. కంపెనీ వద్ద ఇప్పటికే ఉన్న గుర్తింపు వివరాలు, తల్లిదండ్రులు స్వయంగా ఇచ్చేవి, లేదంటే డిజీలాకర్ వంటి వాటి ద్వారా వచ్చే టోకెన్. వినడానికి బాగానే ఉంది. అయితే నిబంధనల్లో ఇచ్చిన ఉదాహరణల్లో కథ ఎక్కడ మొదలవుతుందో గమనించాలి. పిల్లల ఖాతా అన్న సంగతి పిల్లలో తల్లిదండ్రులో కంపెనీకి చెప్పడంతో మొదలవుతుంది. చెప్పకపోతే? తాళం బిగించిన తలుపు పక్కనే గోడకు కన్నం ఉన్నట్టే. నిజం చెప్పిన పిల్లవాడు తండ్రి గుర్తింపు పత్రాల కోసం ఎదురుచూస్తాడు. అబద్ధం చెప్పినవాడు వెంటనే లోపలికి వెళతాడు, పెద్దవాడిగా నమోదవుతాడు. ప్రకటనల వేట నుంచి చట్టం ఇచ్చిన రక్షణ ఆ క్షణమే వాడికి దూరమవుతుంది. చట్టం ఎవరిని కాపాడాలనుకుందో వారే దాని నీడ నుంచి బయటకు నడుస్తున్నారన్నమాట.

వయసు దాచడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. బడిలో వేసిన పుట్టినతేదీ ఒకటి, ఇంట్లో పండుగ చేసుకునే తేదీ మరొకటి ఉన్నవారు పాత తరంలో ఎందరో. ఆనాడు రాయించింది పెద్దలు, రాసింది పంతులు. ఇప్పుడు ఆ పని పిల్లలే చేసుకుంటున్నారు.

గట్టిగా తనిఖీ చేయాలన్న వాదన విదేశాల్లో బలపడింది. వయసు పరిశీలన లేదన్నది కూడా ఒక కారణంగా చూపి ఇటలీ 2023లో ఛాట్‌జీపీటీని కొన్ని వారాలు ఆపించింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధించింది. మన వద్ద అంత కఠినంగా వెళితే పిల్లవాడి వయసు తేల్చేందుకు ఇంటిల్లిపాది గుర్తింపు పత్రాలూ కంపెనీల చేతికి చేరతాయి. సమాచారం కాపాడటానికి మరింత సమాచారం ధారపోయడం ఎంతవరకు సబబో ఆలోచించాల్సిందే.

విద్యాసంస్థలకు మాత్రం చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైన మేరకు వారి కదలికలను గమనించే వీలు వాటికి ఉంది. ఇంట్లో తండ్రి ఫోన్‌లో దొంగచాటుగా తెరిచే ఉపకరణాన్ని బడి ల్యాబ్‌లో ఉపాధ్యాయుడి ఎదుట తెరవడం మేలు. అందుకు ల్యాబ్, తెలిసిన ఉపాధ్యాయుడు ఉండాలన్నది వేరే కథ.

ఇదే చట్టంలో తల్లిదండ్రులకు ఉపయోగపడే మరో అంశం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. అనుమతి కోరే పత్రాన్ని ఆంగ్లంలో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలును కంపెనీ కల్పించాలి. వాటిలో తెలుగూ ఉంది. నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చాక, పిల్లల కోసం అనుమతి నొక్కే ముందు ఆ పత్రాన్ని తెలుగులో చూపమని కీసరలోని తల్లి అయినా నాచారంలోని తండ్రి అయినా అడగవచ్చు.