ముర్రుపాలును పురిటి మైలయు

మహేంద్రతనయ యొడ్డునున్న పాతపట్నమున గాని మఱి యే తెలుగుపల్లెలో గాని పురిటింటి పెద్దలు ‘ఆ పాలు మంచివి కావు, పిల్లడికి అరగవు’ అని పలికిరేని, చిక్కగా పసుపువన్నెతో దిగు ముర్రుపాలను పిండి పాఱబోసి, తేనెయో పంచదార నీళ్లో పసికందు నాలుకపై రాచుట బహుకాలముగా వచ్చుచున్న యాచారము. పిదప ఆ శిశువునకు విరేచనములు పట్టెనేని దిష్టి యనియు, గాలి సోకినదనియు, చిల్లంగి యనియు శంకించి, ఉప్పు మిరపకాయలు దిగదుడిచి నిప్పులలో వేయుదురు. కొన్నియెడల ఆ లేత పొట్టపై వాతలు సైతము పెట్టుదురు. ఈ క్రౌర్యమును తలచినప్పుడెల్ల నా మనసు కలగిపోవును.

ఆ పాల విలువ తెలియవలెనన్న ముందుగా ప్రేగుల సంగతి చూడవలెను. ప్రేగుల లోపొర ఒక్క కణమంత మందము మాత్రమే. అదియు నాలుగైదు దినములకొకమారు నూతనమగుచుండును. శరీర రక్షక కణములు పెక్కు ఆ పలుచని పొర వెనుకనే కాపురముండి, దానితో అహర్నిశము రసాయన సంకేతములతో సంభాషించుచున్నవి. ప్రేగుగోడలో 1677లో స్విస్ వైద్యుడు పేయర్ వర్ణించిన కణసమూహములు కలవు. వానిపై నుండు ప్రత్యేక కణములు సూక్ష్మజీవులను పట్టి లోపలికందించును. అచ్చటి కణములు లింఫోసైట్లను రక్షక కణములకు వాని ఆనవాలు చూపును. మఱికొన్ని రక్షక కణములు ఇంటర్‌ల్యూకిన్-22 అను ప్రోటీనును విడిచి, క్రిమినాశక ద్రవ్యములను స్రవించునట్లు పొరను ప్రేరేపించును. పొరయు ఊరకుండదు, హాని చేయని జీవులపై రక్షకులు విరుచుకుపడకుండ, వారిని శాంతింపజేయు సంకేతములను తానును పంపును.

ఇందు నన్ను మిక్కిలి ముగ్ధుని జేసిన విశేషమొకటి కలదు. తల్లి ప్రేగులలో ఇట్లు శిక్షణ పొందిన కణములు కొన్ని నెత్తుటి వెంట స్తనములను చేరి, ఐజీఏ అను ప్రతిరక్షకములను పాలలోనికి విడుచును. ఆమె త్రాగిన బావినీటిలోని క్రిములను, రేపు బిడ్డ ప్రేగులకు తటస్థింపబోవు క్రిములను, అవి ముందే యెఱుగును. ఆ ప్రతిరక్షకములు అత్యంత సాంద్రముగా నుండునది ముర్రుపాలలోనే.

ఆవు ఈనిన యింట దూడకు ముర్రుపాలు త్రాగనిచ్చి, మిగిలినవానిని బెల్లము మిరియాలతో జున్ను వండి, ఇరుగుపొరుగులకు పంచి భుజించు మనము, మన శిశువు దగ్గఱకు వచ్చుసరికి తొలిపాలు మలినములని యేల తలంచితిమి? దూడకరుగునది బిడ్డకరుగదని యెవరు పరీక్షించి చూచిరి? పురిటి మైల యను భావనయే దీనికి మూలమని నా నిశ్చయము. ప్రసవించిన స్త్రీని ముట్టరానిదానిగా ఒక మూలనుంచినవారికి ఆమె పాలును మైలగనే తోచినవి. దినములు గడచి, పురుడు వెళ్లి, స్నానము చేయించి, ఆమె శుద్ధురాలైనదని లోపలికి పిలుచునప్పటికి ముర్రుపాలు ఎన్నడో ఆగిపోయి యుండును.