నడక ఒక్కటే చాలదు



బరువు తగ్గడానికి నడక మంచిదా, జిమ్మా, యోగానా? ఆరోగ్యం పేజీలకు పాఠకులు పంపే ప్రశ్నల్లో ఇదొకటి ఎప్పుడూ ఉంటుంది. జవాబులు మాత్రం ఒకదాన్ని పొగిడి మిగతావాటిని తీసిపారేస్తుంటాయి. ఏళ్ల తరబడి బడిలో వ్యాయామం నేర్పినవాడిగా నేను చెప్పేదొకటే: కొవ్వు కరగడానికి జోరైన నడక, కండ నిలవడానికి బరువు పని, రెండూ కావాలి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అధిక బరువున్నవారి మీద 8 నెలలపాటు చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. ఏరోబిక్ వ్యాయామం చేసినవారికి బరువు, కొవ్వు తగ్గాయి. బరువులు మాత్రమే ఎత్తినవారికి కండ పెరిగింది గానీ బరువు తగ్గలేదు. రెండూ కలిపి చేసినవారికి కొవ్వు తగ్గి, కండా పెరిగింది.

ఉదయం వాహనాలు ఆపేసిన మా బీచ్ రోడ్డు మీద ఎందరో నడుస్తారు. చాలామందిది కబుర్ల నడక. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం రావాలి. అప్పుడే అది వ్యాయామం. అలాంటిది వారానికి 150 నుంచి 300 నిమిషాలు చేయాలని, కనీసం 2 రోజులు కండరాలకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండో మాటను మనం పట్టించుకోవడం లేదు. తిండి తగ్గించి నడకతోనే సరిపెట్టుకుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. నలభై దాటిన ఆడవాళ్లు ఈ నష్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతామన్న భయం వట్టిది.

దీనికి జిమ్ ఫీజు అక్కర్లేదు. ఒకప్పుడు తాలింఖానాల్లో దండీలు, బస్కీలతోనే ఒళ్లు గట్టిపరచుకునేవారు. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, నీళ్ల సీసాలు ఎత్తడం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. యోగాసనాలు ఒంటిని వంచుతాయి, మనసుకూ మంచివే. బరువు తగ్గడానికి అవి మాత్రమే చాలవు.

తిండి సంగతీ మరవకూడదు. 70 కిలోల మనిషి గంటలో 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలే. తిరుగుదారిలో బండి దగ్గర ఆగి పూరీలు తింటే అదంతా వెనక్కి వచ్చేస్తుంది.

పట్టణాల పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వెలిశాయి గానీ, వాటిని ఎలా వాడాలో చెప్పే మనిషి ఉండడం అరుదు. పురపాలక సంస్థలు ఉదయం పూట గంటసేపైనా ఒక శిక్షకుణ్ణి, ఆడవాళ్ల కోసం ఒక శిక్షకురాలిని నియమించాలి. మీ పత్రిక కూడా ఈ విషయం పట్టించుకోవాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం