చక్కెర పొట్లం - గుమాస్తా పాట్లు

నిజామాబాదు కిరాణా బజారులో చక్కెర ధర కంటె చక్కెర పొట్లమే ఎక్కువ తగాదాలు తెస్తున్నది. 50 కిలోల బస్తా విప్పి, సాయంత్రపు రద్దీకి ముందే కిలో, అరకిలో కవర్లలో తూచిపెట్టడం చిల్లర దుకాణాల పాత అలవాటు. కవరుపై ధర వుండదు, తూకం వుండదు, కట్టిన నెల అసలే వుండదు. కొన్నవారు ఇంట్లో తూచుకొని తిరిగివస్తే గల్లా వద్ద సేటు కనిపించడు. చివాట్లు గుమాస్తాకే. ధర నిన్నటికీ నేటికీ ఎందుకు మారిందన్నా అతనే జవాబుదారీ. టోకు ధర అతని చేతిలో వున్నదా?

ముందుగా కట్టిన పొట్లంపై ప్యాక్ చేసినవారి పేరు, నికర తూకం, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర వుండాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నవి. కొనేవారి ఎదుట తూచి ఇచ్చే విడి సరుకుకు ఈ బెడద లేదు.

బోధన్‌లో మరో చిక్కు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అయినా "మన ఫ్యాక్టరీదేనా?" అని అడిగే పెద్దలున్నారు. పొరుగు రాష్ట్రపు సరుకు పెట్టుకొని గుమాస్తా నీళ్లు నములుతాడు. బస్తాపై వున్న మిల్లు పేరు, ఎస్-30, ఎం-30 గ్రేడు ధరల పలకకు ఎక్కిస్తే సగం ప్రశ్నలు తగ్గును.

కాటా ముఖం కొనేవారివైపు తిప్పడానికి ఖర్చు లేదు. తీరిక లేదనే దుకాణదారులు మిల్లు ప్యాకెట్లే తెప్పించుకోవచ్చు. లాభం కాస్త తగ్గవచ్చు, అది మాత్రం గుమాస్తా జీతంలో కోయరాదు.