స్టీరింగ్ బాక్సులో గ్రీజు కూరించుకోకండి బాబూ

ఈరోజు పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. పాత జీపు గానీ, చేత్తో తిప్పే స్టీరింగ్ ఉన్న పాత ట్రాక్టరు గానీ ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి.

కంచరపాలెం రైతుబజారుకి తెల్లారగట్ల కూరగాయలు వేసుకెళ్ళే పాత మహీంద్రా జీపు నాది, సీజే 3బి. విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం 1940ల చివర్లో మొదలైంది, ఆ వంశంలోదే ఇది. దీని స్టీరింగ్ బాక్సు కింద నూనె కారడం మొదలైంది. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి చూపించి "ఖర్చు లేకుండా ఏదో ఒకటి చెయ్యి" అన్నాను. "ఏటీ కాదు బాబూ, గ్రీజు కూరేద్దుం, ఆగిపోద్ది" అన్నాడు. కూరాడు, ఆగిపోయింది. నేనూ సంబరపడ్డాను.

నాలుగు నెలలు తిరక్కుండానే ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఒక ఆటో అడ్డొచ్చింది. స్టీరింగ్ తిప్పాను. అది జానెడు తిరిగిందాకా చక్రం కదల్లేదు. వెనక వంకాయ బస్తాల మీద మా ఆవిడ, ఇద్దరు కూలి తల్లులు కూర్చుని ఉన్నారు. బ్రేకు అందబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

అటునుంచి అటే కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేటు వైపు ఒక ముసలి మేస్త్రి దగ్గరికి బండి తోలాను. ఆయన పానా కూడా ముట్టుకోలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, తను కిందకి దూరి చూశాడు. తర్వాత నన్ను కిందకి పిలిచి తను ఆడించాడు. బాక్సులోంచి బయటికొచ్చి డ్రాప్ ఆర్మ్‌ని పట్టుకునే షాఫ్ట్ ఉంటుందే, అది తిరగడంతో పాటు పక్కకి ఊగుతోంది. "సీలు ఏం చేస్తాది బాబూ? షాఫ్ట్ ఊగుతుంటే కొత్త సీలైనా నెల రోజులే" అన్నాడు.

అసలు సంగతి అక్కడుంది. ఆ షాఫ్ట్ బుష్షుల్లో తిరుగుతుంది. బుష్షు అరిగితే షాఫ్ట్ ఊగుతుంది. ఊగితే సీలు పెదవి నలుగుతుంది, నూనె కారుతుంది. నూనె పోయాక వార్ము మీద తిరిగే పిన్నులు ఎండిపోయి అరుగుతాయి, ప్లే పెరుగుతుంది. గ్రీజు కూరితే మొదట్లో వార్ముకి అంటుకుంటుంది. నాలుగు సార్లు తిరిగాక పక్కకి జరిగి అక్కడే గడ్డలా కూర్చుంటుంది. గేర్ ఆయిల్ లాగా మళ్ళీ పారి రాదు. గట్టుకు ఎలుక బొరియ ఉంటే బయటి వైపు మట్టి మెత్తి ఇంటికొచ్చినట్టు. ఆ రాత్రి నీళ్ళు ఆగుతాయి, గట్టు లోపల్నుంచి పోతుంది.

నా మాట ఒక్కటే. స్టీరింగ్ బాక్సు కారుతుంటే "కారడం ఆపు" అని అడక్కండి, "ఎందుకు కారుతోందో చూడు" అని అడగండి. ఆ మొదటి మెకానిక్‌ని నేను తిట్టను. నేను అడిగిందే ఆయన చేశాడు. తప్పు నా బేరంలో ఉంది.

మేస్త్రి దగ్గర నేర్చుకున్నవి రాస్తున్నాను. డ్రాప్ ఆర్మ్ విప్పే ముందు షాఫ్ట్‌కీ ఆర్మ్‌కీ కలిపి గుర్తు గీయించండి, లేకపోతే ఒక పన్ను అటూ ఇటూ ఎక్కి స్టీరింగ్ వంకరవుతుంది. పుల్లర్‌తోనే తీయించాలి, సుత్తితో బాదనివ్వకండి. ఆర్మ్‌కి వెల్డింగ్ అసలొద్దు. షాఫ్ట్ మీద సీలు కూర్చునే చోట గోరు పెట్టి చూడండి. గోరు గాడిలో పడితే లేత్ షాపుకి పంపాలి, లేదా షాఫ్టే మార్చాలి. బుష్షులు కొత్తవి ఎక్కించి షాఫ్ట్‌కి సరిపడా రీమర్ పట్టించాలి. సీలుకి స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి ఉండాలి. మూత ప్యాకింగ్ కూడా అప్పుడే మార్చండి.

ప్లే తగ్గించే స్క్రూ చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే బిగించాలి. వార్ము మధ్యలోనే బిగువు ఎక్కువ. చక్రాలు తిప్పి ఉంచి బిగిస్తే తిన్నగా వచ్చేసరికి పట్టేస్తుంది. బుష్షు అరిగితే వచ్చే ఊపుని ఆ స్క్రూతో కప్పిపుచ్చలేం. నా బాక్సుకి 90 నంబరు గేర్ ఆయిల్ పోశాం, నింపే రంధ్రం అంచుదాకానే. మీ బండికి ఏ నూనో పుస్తకంలో చూసుకోండి. తర్వాత వారం రోజులు రాత్రిళ్ళు బాక్సు కింద అట్టముక్క పెట్టి చూసుకోండి.

"పాత బండికి ఇంత ఖర్చెందుకు, అమ్మేసి పవర్ స్టీరింగ్ బండి తీసుకో" అని మా అబ్బాయి అంటాడు. వాడి మాటా కొట్టిపారేయను. కానీ రెండెకరాల రైతు నెలనెలా కిస్తీ కట్టాలంటే వంకాయ ధర ఒప్పుకోవాలి కదా! 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఆర్సీ మళ్ళీ చేయించుకుంటే 5 ఏళ్ళు తిప్పుకోవచ్చని చట్టమే అంటోంది. పాత బండి ఉంచుకోవడం తప్పు కాదు. ఉంచుకున్నాక స్టీరింగ్ దగ్గర, బ్రేకు దగ్గర బేరమాడ్డం తప్పు. సీటు చిరిగితే గోనె కప్పుకుందాం. రంగు పోతే పోనిద్దాం. ఈ రెండిటికీ చేతిలో డబ్బు లేకపోతే వచ్చేదాకా బండిని చెట్టు కింద పెట్టి, సరుకు ఆటోలో పంపుదాం. ఆ కిరాయి నాకూ బరువే. బుష్షులూ షాఫ్టూ అయ్యేదాకా నేనూ అదే చేశాను.

ఇంకో మాట. మేస్త్రిని "గంటలో అయిపోవాలి" అని తొందరపెట్టకండి. లేత్ పనికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఇవ్వండి, అడిగిన కూలి ఇవ్వండి. పని నేర్చిన చేతికి విలువ ఇవ్వకపోతే రేపు మనకి గ్రీజు కూరేవాళ్ళే మిగులుతారు.

రేపు పొద్దున్న బండి తీసే ముందు ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ ఆడించమనండి. మీరు వంగి ఆ షాఫ్ట్ వైపు చూడండి. ఊగుతుంటే ఆ రోజు సంతకి వెళ్ళకండి.